పరాయివాడి చెయ్యి

ఘటికాపురం నడిబొడ్డున, నల్లరాతి అరుగు మీద నిలువెత్తు మట్టికుండ ఒకటి ఉంది. దాని కడుపు చుట్టూ చేతులు చాచి పట్టుకోవాలంటే నలుగురు మనుషులు కావాలి. మెడకు పసుపుతాడు, మూతి చుట్టూ వేపమండలు, పక్కన కావలిగా ఒక గాడిద. ఆ కుండకు మట్టి మోసిన గాడిద వంశమట అది. ఏనుగులకు అంబారీలు కట్టే రాజ్యం నుంచి వచ్చినవాడికి నవ్వు రావచ్చు గాని, ఆ ఊళ్ళో దానికి దారి ఇవ్వనివాడు లేడు.

ఆ కుండ ముందు, కుడిచెయ్యి మోచేతిదాకా కడుక్కుని, గుర్రాల వర్తకుడి వేషంలో నిలబడ్డాడు కనకశిల యువరాజు వసుకేతుడు. వెంట ఒక్క గుర్రమూ లేదు.

అతడు అక్కడికి ఎలా వచ్చాడో ముందు చెప్పుకోవాలి. నలభై రోజుల కిందట కనకశిల మహారాజు నిండుకొలువులో, చేతిలోని పాయసపు గిన్నె చేతిలోనే ఉండగా, సింహాసనం మీద కొయ్యబారిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఊపిరి ఆడుతోంది, అంతే. రాజవైద్యులు చేతులెత్తేశారు. అప్పుడు మంత్రి కొడుకు హేమాంకుడు ముందుకు వచ్చాడు. వసుకేతుడూ అతడూ ఒకే ఉయ్యాల ఊగి, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఘటికాపురంలో చంద్రఊట ఉందనీ, దాని నీళ్ళు ఒక్క కూజాడు తెచ్చి పెదవులు తడిపితే మహారాజు లేచి కూర్చుంటాడనీ చెప్పింది అతడే. ఆ ఊరికి రాజు లేడనీ, ఊట మూత తియ్యాలంటే పెంకుల సభ ఒప్పుకోవాలనీ చెప్పింది కూడా అతడే. మూడు తరాల కిందట కనకశిల సేన ఆ ఊరి మీద దండెత్తింది గనుక వేషం మార్చుకుని వెళ్ళమన్నాడు. బయలుదేరేటప్పుడు తన పగడపు ఉంగరం తీసి మిత్రుడి వేలికి తొడిగి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇది మా తాతగారి రక్ష. ప్రాణం పోయినా తియ్యకు, వసూ!"

ప్రాణం పోయే సందర్భాలు దారిలో బాగానే దొరికాయి. మొసళ్ళమడుగులో పడవ తిరగబడింది. చీకటిలోయలో రెండుతలల కొండచిలువ చుట్టేస్తే, ఏ తల మింగాలో తేల్చుకోండని రెండింటికీ తగువు పెట్టి, అవి కొట్టుకుంటూ ఉండగా జారుకున్నాడు. ఊర్ధ్వకేశి అనే మాంత్రికుడు పెంచుకున్న ఇనుపముక్కు గద్ద ఆకాశం నుంచి దూకి తలపాగా తన్నుకుపోయింది, తల జోలికి మాత్రం రాలేదు. తలపాగా తీసిన గద్ద తలనెందుకు వదిలిందని కాస్త ఆలోచించి ఉంటే కథ ఇంతదాకా వచ్చేది కాదు. రాజకుమారులకు అంత తీరికెక్కడిది?

ఘటికాపురం వాకిట్లో అతణ్ణి ఆపింది కుమ్మరి మాచమ్మ. ఎనభై దగ్గరపడ్డ మనిషి, చేతులు మాత్రం ఇంకా సారె మీద తిరుగుతూనే ఉన్నాయి.

"ఏం అమ్ముతావు నాయనా?"

"గుర్రాలు, అవ్వా."

"ఏవీ?"

"దారిలో పులి తినేసింది."

"అన్నిటినీనా? మంచి ఆకలి మీదున్న పులే! రా, నువ్వూ ఆకలి మీదే ఉన్నట్టున్నావు."

తొమ్మిది రోజులు ఆమె ఇంట్లోనే ఉన్నాడు. జొన్నరొట్టెలోకి చింతచిగురు పప్పు. పట్టుపరుపు మీద రాని నిద్ర అక్కడి ఈతచాప మీద వచ్చేది. పొద్దున సారె దగ్గర కూర్చుని, ఈ ఊరు ఎలా నడుస్తుందో అడిగేవాడు. మొదట నీళ్ళు సంపాదించే ఉపాయం కోసమే అడిగాడు గాని, రెండోనాటికి నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"రాజు లేకపోతే తగువులు ఎవరు తీరుస్తారు?"

"ఉంటే తీరతాయా? విను. ఈడొచ్చిన ప్రతి మనిషికీ ఇక్కడ ఒక కుండపెంకు ఉంటుంది. ఆడా మగా, కాపూ చాకలీ తేడా లేదు. దాని మీద ఎవరి గుర్తు వాళ్ళు గీసుకుంటారు. ఊరికో సంగతి వచ్చినప్పుడు పెంకులన్నీ పెద్దకుండలో వేసి ముప్ఫై ఒకటి తీయిస్తాం. ఆ ముప్ఫై ఒక్కమందే సభ. అన్నివైపులా విని, తేల్చి, ఇళ్ళకు పోతారు."

"పండితుడూ పామరుడూ పక్కపక్కనే కూర్చుంటే మాట్లాడేది పండితుడే కదా?"

"అందుకే మొదటి పెంకు ఎవరిదైతే వాళ్ళు గుమ్మం పక్కన కూర్చుని మొదట మాట్లాడాలి. ఎక్కువ చదివినవాడు ఆఖరున. పెద్దవాళ్ళు ముందు నోరు తెరిస్తే చిన్నవాళ్ళకు ఆలోచన రాదు నాయనా, తల ఊపడమే వస్తుంది."

"తెలివితక్కువవాడి పెంకు వస్తే?"

"ఎందుకు రాదు? పోయినేడు మా చాకలి తిప్పడిది వచ్చింది. రెండు రోజులు సభలో గుర్రుపెట్టి నిద్రపోయాడు. మూడో రోజు లేచి, 'కాలవ ఇటు తిప్పితే రేవు ఎండిపోదా?' అన్నాడు. ఆరుగురు పండితులు చూడని సంగతి వాడు చూశాడు."

ఆమె సారె ఆపి మట్టిచేత్తో నుదురు తుడుచుకుంది. "ఊర్ధ్వకేశి ఎన్ని రాజ్యాలు మింగాడు! రాజుంటే ఒక్క తలకాయ తిప్పితే చాలు. ఇక్కడ ఎవరి తల తిప్పాలో వాడికే కాదు, పెంకులు పైకి వచ్చేదాకా మాకే తెలీదు."

పెంకులు తీసే చెయ్యి మాత్రం పరాయివాడిదే అయి ఉండాలి. ఊళ్ళోవాడి చెయ్యి చుట్టాన్ని వెతుక్కుంటుంది, పరాయి చేతికి ఇక్కడ చుట్టాలు లేరు అన్నది వాళ్ళ నమ్మకం. మనవి తెచ్చినవాడే తీసినా తప్పులేదు, ఎవరి పెంకు ఎలాంటిదో వాడికేం తెలుస్తుంది? ఏడు తరాలుగా ఈ నమ్మకం వాళ్ళను కాపాడింది. ఏడు తరాలు కాపాడినదాన్ని మళ్ళీ తట్టి చూసుకునే అలవాటు ఎవరికుంటుంది?

"ఆ చేతిలోనే మోసముంటే, అవ్వా?"

"ఉంటే వాడే అందరి ముందూ నిలబడి 'నా చెయ్యి శుభ్రం కాదు' అనాలి. అప్పుడు ఆ సభ చెల్లదు. వాడి మనవీ చెల్లదు, మళ్ళీ ఈ జన్మలో అడగడానికి లేదు. కొత్తసభ తేల్చేదాకా వాడి చెయ్యి కుండమూతిలో పెట్టి బంకమట్టితో మూసేస్తాం."

"వాడే అనాలా? ఇంకెవరన్నా చెల్లదా?"

"చెల్లదు. ఓడినవాళ్ళంతా ఆ మాటే అంటారు మరి!" అని నవ్వి, చూరులోంచి తన పెంకు తీసి చూపించింది. మూడు గీతలు, ఒక చుక్క. "అరవై ఏళ్ళుగా వేస్తున్నాను. ఒక్కసారీ పైకి రాలేదు. అయినా ప్రతిసారీ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని పోతాను. ఏమో, వస్తుందేమో!"

ఆ మాట అంటున్నప్పుడు ముసలిదాని మొహం పెళ్ళికూతురి మొహంలా ఉంది. వసుకేతుడు తలవంచుకుని రొట్టె తుంచుకున్నాడు. నేను వర్తకుణ్ణి కాను అవ్వా అనే మాట గొంతుదాకా వచ్చింది. నీళ్ళు దొరికాక చెబుదాంలే అని మింగేశాడు.

పదోనాడు పొద్దెక్కాక, ఊరంతా చూస్తూ ఉండగా అతడు కుండలో చెయ్యి పెట్టాడు.

పెట్టగానే ఉంగరం వెచ్చబడింది. వేళ్ళు తడుముకోనక్కర్లేకపోయింది. పెంకులే వచ్చి అరచేతిలో పడుతున్నాయి. ఒకటి, రెండు, పది, ముప్ఫై ఒకటి! ఇంత చురుకైన చెయ్యి ఎన్నడూ చూడలేదని జనం చప్పట్లు కొట్టారు. మాచమ్మ మాత్రం కొట్టలేదు. బెస్తవీధి నుంచి ఒక్కరూ లేరు, ఆడవాళ్ళలో ఒక్కరూ లేరు. అదృష్టం ఇంత వరసగా నడవదని ఆమె ఎనభై ఏళ్ళుగా ఎరుగును.

అరుగును ఆనుకుని ఉన్న మండపంలో సభ కూర్చుంది. వసుకేతుడు మనవి వినిపించాడు. "మా తండ్రికి ప్రాణం మీదికి వచ్చింది. ఒక్క కూజాడు ఊటనీళ్ళు చాలు."

తప్పిపోయిన మేక ఎవరిదో తేల్చడానికి మూడు రోజులు పట్టే ఊరది. అలాంటిది ఆ ముప్ఫై ఒక్కమందీ ఒకరినొకరు ఒక్క ప్రశ్న అడగలేదు. గుమ్మం పక్కవాడు లేచి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"కూజా ఏమిటి, ఊటే ఇస్తాం. ఏటివాకిలి తెరిచి కనకశిల సేనను లోపలికి రానిస్తాం. ఈ ఊరికి ఇకనుంచి ఒక రాజు కావాలి. ఇదే సభ మాట."

మిగిలిన ముప్ఫైమందీ తలలూపారు. జనంలో గుండెలు బాదుకున్నవాళ్ళున్నారు గాని అరిచినవాళ్ళు లేరు, సభ మాటంటే మాటే. చాకలి తిప్పడు ఒక్కడే నోరు తెరిచాడు. "సేనెక్కడుంది? ఈ వర్తకుడు నీళ్ళు కదా అడిగాడు!"

"సేన ఏటివాకిలి అవతలే ఉంది" అంటూ గాజుల సెట్టి ఒకడు జనాన్ని తోసుకుని వచ్చాడు. ఆర్నెల్లుగా ఆ ఊరికి వచ్చిపోతున్న మనిషే, సగం ఊరి చేతులకు అతడి గాజులే. అతడు భుజానున్న గాజులమలారం మూట కింద పడేసి, పెట్టుడుగడ్డం పీకేశాడు. చేతిలో వెండికూజా తళతళలాడింది.

వసుకేతుడు ఆ మొహాన్ని వెంటనే గుర్తుపట్టాడు. అతడు హేమాంకుడు.

నెలకోసారి వేటకని వెళ్ళి, ఒక్క కుందేలునైనా తేకుండా తిరిగివచ్చే హేమాంకుణ్ణి చూసి వసుకేతుడు ఎన్నిసార్లు నవ్వలేదు! వేట ఇక్కడ జరిగింది. ఒకడికి జాగీరు, ఇంకొకడికి పల్లకీ ఆశపెట్టి, ఒప్పుకున్నవాడి పెంకుకల్లా ఊర్ధ్వకేశి ఇచ్చిన తైలం రాశాడు. ఆ తైలాన్ని పసిగట్టే ఉంగరాన్ని మిత్రుడి వేలికి తొడిగాడు.

"శుభం, వసూ!" హేమాంకుడు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇదిగో నీ కూజా, నిండా ఊటనీళ్ళు. పట్టుకుని గుర్రమెక్కు. నువ్వు చేరగానే మహారాజు లేచి కూర్చుంటారు. ఈ కుండలవాళ్ళ సంగతి నాకొదిలెయ్. నువ్వు చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే."

"నన్నెందుకు వాడుకున్నావు, హేమా? అడిగితే నా ప్రాణమిచ్చేవాణ్ణి కదరా!"

"ప్రాణం నాకెందుకు? నాకు కావలసింది నిజాయితీగల మొహం. అది నా దగ్గర లేదు, నీ దగ్గర ఉంది."

ఏ కత్తిదెబ్బా వసుకేతుణ్ణి అంత లోతుగా కోసి ఉండదు. అతడు కూజా వైపు చూశాడు. తండ్రి కళ్ళు గుర్తొచ్చాయి, నలభై రోజులుగా రెప్ప వెయ్యని కళ్ళు. మాట్లాడితే ఆ నీళ్ళు ఇక ఈ జన్మలో లేవు. ఊరుకుంటే తను తొమ్మిది రోజులు అన్నం తిన్న ఊరు సాయంత్రానికి ఉండదు.

అతడు అరుగెక్కి చెయ్యి పైకెత్తాడు.

"వినండి! నేను గుర్రాల వర్తకుణ్ణి కాను. కనకశిల యువరాజు వసుకేతుణ్ణి. ఈ ఉంగరంలో మంత్రముంది. నేను ఎరగక తీశాను, కాని తీసింది ఈ చెయ్యే. నా చెయ్యి శుభ్రం కాదు!"

ఆ వెంటనే హేమాంకుడు కూజాను రాతికేసి కొట్టాడు. నీళ్ళు అరుగు మీద పారి పగుళ్ళలోకి ఇంకిపోయాయి.

"పిచ్చివాడా! అవి బావినీళ్ళు. మీ నాన్నను ఏ ఊటనీళ్ళూ లేపవు. ఆనాటి పాయసంలో ఊర్ధ్వకేశి పొడి కలిపింది ఎవరనుకున్నావు? గిన్నె అందించిన చెయ్యి గుర్తులేదా?"

గుర్తుంది. ఆ గిన్నె అందించినవాడు హేమాంకుడే. పైగా "వేడిగా ఉంది మహారాజా, మెల్లగా" అన్నాడు కూడా.

వసుకేతుడు కత్తికోసం నడుము తడుముకున్నాడు. వర్తకుడి నడుముకు కత్తెక్కడిది? ఈలోగా హేమాంకుడు ఈల వేశాడు. ఇనుపముక్కు గద్ద మండపం మీదుగా దూసుకొచ్చి ముప్ఫై ఒక్క కత్తుల మూటను విసిరేసింది. జాగీర్ల ఆశపోతులు తలా ఒకటి అందుకుని, హేమాంకుడి వెంట ఏటివాకిలి వైపు పరుగెత్తారు.

"రేవు జనం, లేవండ్రా!" అని తిప్పడు కేకపెట్టాడు. ఉతికి పిండని దుప్పట్లూ చీరలూ పురిపెట్టి, ఇరవైమంది చాకళ్ళు అడ్డదారిన ముందే వాకిలి చేరారు. తలుపు గడియలు లాగే గొలుసుచక్రానికి ఆ తడిమోకులు చుట్టబెట్టి ముళ్ళు వేశారు. తడిగుడ్డ ముడి కత్తికి తొందరగా తెగదు. హేమాంకుడి మనుషులు నరుకుతూ ఉంటే వీళ్ళు చుడుతూనే ఉన్నారు. చక్రం తిరగకపోయేసరికి హేమాంకుడు ఆ గడియలనే కావలిగదిలోని గొడ్డళ్ళతో నరికించడం మొదలుపెట్టాడు. గడియలు మూడు.

అరుగు మీది వసుకేతుడు వాళ్ళ వెంట పరుగెత్తలేదు. తనంతట తానే వెళ్ళి, పక్కనున్న ఖాళీకుండ మూతిలో కుడిచెయ్యి పెట్టాడు. మట్టి కలిపి తెచ్చింది మాచమ్మ. మోచేతి చుట్టూ బంకమట్టి మెత్తుతున్నంతసేపూ అతడి మొహం వైపు చూడలేదు.

"అవ్వా, నాకు తెలీదు అవ్వా..."

"అవ్వా అనకు." ఆమె ఇంకో ముద్ద మట్టి మెత్తింది. "గుర్రాల మాట అబద్ధమని మొదటిరోజే తెలుసు. ఆకలి నిజమని అన్నం పెట్టాను. తొమ్మిది రోజులు నా చేతిముద్ద తిన్నావు. ఎవరివో ఒక్కసారి చెప్పబుద్ధి కాలేదా నీకు? ఆ ఉంగరం చూపించి, 'ఇది నాకొకడు తొడిగాడు' అని ఉంటే నేను చూసుకునేదాన్ని కాదా?"

హేమాంకుడు తనకు చేసిందే తను ఈమెకు చేశాడు. మోసపోయినవాడు మోసగాడు కాకుండా పోడు.

వాకిట్లో మొదటి గడియ ఫెళ్ళుమంది. కొత్తసభ కావాలి. గోడలు కాచుకోవాలా, ఊటను పూడ్చెయ్యాలా, ఈ చెయ్యిని ఏం చెయ్యాలి, తేల్చాల్సింది సభే. కాని పెంకులు తియ్యడానికి ఊళ్ళో పరాయివాడు ఎవడున్నాడు? ఒకడి చెయ్యి మట్టిలో ఉంది, ఇంకొకడి చేతిలో గొడ్డలి ఉంది.

మాచమ్మ పెద్దకుండలోని పెంకులన్నీ కుమ్మరింపించి, తైలం వాసన వేసినవి ఏరి పారేసి, మిగిలినవి కడిగి చిన్నకడవల్లో నింపించింది. అవి ఎత్తించుకుని గోడెక్కింది. మండుటెండలో, వేసవికి ఎండిన ఏటి ఇసుకలో, ఎప్పుడు తలుపు తెరుస్తారా అని కింద కూర్చుని ఉంది కనకశిల సేన.

"ఒరే నాయనా! దాహంగా ఉందా?"

కిందినుంచి నవ్వులు. ఒకడు మాత్రం నాలుక తడుపుకుంటూ, "ఉంది ముసలమ్మా!" అన్నాడు. ఆమె చేదతాడుతో మంచినీళ్ళ ముంత దింపింది. వాడు తాగాడు. తరవాత కడవలు ఒక్కొక్కటే దింపింది.

"నీళ్ళు తాగావు, చిన్నపని చేసిపెట్టు. వీటిలో చెయ్యిపెట్టి ముప్ఫై ఒకటి తీసి ఈ ముంతలో వెయ్యి. చూడకుండా తియ్యాలి."

"ఇదేం ఆట?"

"మమ్మల్ని పరిపాలించే ఆట. ఈ ఊళ్ళో నీకెవరన్నా తెలుసా?"

"నాకెవరు తెలుస్తారు? మాది ఉప్పుగల్లు పక్క పల్లె. చెరువు పనికని పిలిచి బల్లెమిచ్చారు."

"అయితే నువ్వే కావాలి. తియ్యి."

మళ్ళీ మోసపోవచ్చునని ఆమెకు తెలుసు. అందుకే ఈసారి వాడి వేళ్ళకు ఉంగరాలున్నాయేమో చూసి మరీ దింపింది.

రెండో గడియ విరిగింది. ముంత మండపానికి వచ్చింది. తిప్పడి పెళ్ళాం మొదటి పెంకు తీసి పైకెత్తి, గుర్తు చదివింది.

"మూడు గీతలు... ఒక చుక్క!"

జనం మాచమ్మ వైపు తిరిగారు. ఆమె గోడ దిగి వస్తూ అలాగే నిలబడిపోయింది. ఒంటిమీద ఉతికిన చీరే ఉంది, ఎప్పటిలాగే. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, గుమ్మం పక్కన, మట్టిలో చెయ్యి పెట్టుకుని నిలబడ్డ వసుకేతుడికి మూరెడు దూరంలో కూర్చుంది. పెంకును ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరింది. మిగిలిన ముప్ఫైమందీ వచ్చి కూర్చునేదాకా ఆగింది. మొదటి మాట ఆమెదే.

"ఈ చేతికి తొమ్మిది రోజులు అన్నం పెట్టినదాన్ని" అంది మాచమ్మ. "వద్దన్నా చుట్టరికం కలిసిపోయింది. చుట్టం తీర్పు చెప్పకూడదు. నన్ను సభలోంచి లేపి, నా బదులు ఇంకో పెంకు తీయించండి."

అరవై ఏళ్ళు ఎదురుచూసిన పెంకును నేల మీద పెట్టి, చేత్తో గుమ్మం పట్టుకుని లేచింది. వసుకేతుడి కళ్ళు నిండి పొంగాయి. తుడుచుకుందామంటే కుడిచెయ్యి మట్టిలో ఉంది. ఏటివాకిలి దగ్గర మూడో గడియ విరిగింది.